రీడ్ చెక్కడం నేర్పిన ఆచార్యుడు

(సంఘ వార్షిక సభలో "నాకు నచ్చిన గురువు" అనే శీర్షిక కింద చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు తమకు అక్షరాభ్యాసం చేయించిన మాస్టర్లను, లెక్కలు నేర్పిన పంతుళ్ళను స్మరించుకున్నారు. వింటుంటే కళ్ళు చెమర్చాయి. నేను మాట్లాడబోయేది మాత్రం నేనెన్నడూ చూడని మనిషిని గురించి. ఆయన మన దేశం వాడు కాదు, మన భాష వాడు కాదు. ఆయన నేర్పిన వాయిద్యం పేరు కూడా ఈ సభలో చాలామంది విని ఉండరు. కనుక ముందుగానే మీ క్షమాపణ కోరి మొదలుపెడుతున్నాను.

ఆయన పేరు లూయిస్ హ్యూ కూపర్. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బసూన్ అనే వాయిద్యానికి ఆచార్యులు. 1945లో చేరి 1997లో విరమించారు. అంటే 52 సంవత్సరాల సర్వీసు. మనల్ని 58 నిండగానే మెడలో దండ వేసి, చేతిలో శాలువా పెట్టి ఇంటికి పంపారు. అప్పటికి 35 ఏళ్ళు పూర్తి చేసినవాడు మనలో మహానుభావుడు. ఈయన 1920లో పుట్టినవారు. డెబ్బై ఆరో ఏడో ఏళ్ళు వచ్చేదాకా అదే విశ్వవిద్యాలయంలో అదే పాఠం చెప్పారు. 2007లో కాలం చేశారు.

ఇంతకీ నాకీ సంగతి ఎలా తెలిసిందంటారా? మనలో సగం మందికి మల్లేనే నేనూ ఆరు నెలలు అమెరికాలో అబ్బాయి ఇంట్లో, మిగతా ఆరు నెలలు ఇక్కడ. మావాడు ఉండేది మిషిగన్‌లో. అక్కడి బడిలో బ్యాండు ఒక పాఠ్యాంశం. మా మనవరాలికి బసూన్ ఇచ్చారు. పెట్టె తెరిచి నాలుగు ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చి నిలబెడితే పిల్ల కంటే వాయిద్యమే పొడుగ్గా కనిపించింది. "ఇదేమిటమ్మా, రోకలిలా ఉంది?" అన్నాను. "కాదు తాతయ్యా, మీ ఊరి గుళ్ళో సన్నాయి లేదూ, దానికి పెద్దన్నయ్య" అంది. పిల్ల చెప్పింది నిజమే. అక్కడ నాకు చేతినిండా తీరిక. ఆ పిల్ల పుస్తకాలు తిరగేస్తూ, గ్రంథాలయంలో అడిగి తెచ్చుకున్నవి చదువుతూ ఈ కూపర్ గారి దగ్గరికి చేరాను.

మొదట ఆ వాయిద్యం సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. అది తెలియకపోతే ఆయన చేసిన పని తెలియదు.

బసూన్ మేపుల్ చెట్టు కర్రతో చేస్తారు. నిలబెడితే దాదాపు నాలుగున్నర అడుగులు. కాని లోపలి గొట్టం కిందికి దిగి, అడుగున మలుపు తిరిగి, మళ్ళీ పైకి వస్తుంది. ఆ మడత విప్పితే ఎనిమిది అడుగుల పైమాటే. పాశ్చాత్యుల వాద్యబృందంలో గాలి వాయిద్యాలలో లోతైన గొంతులలో దీనిదొకటి. సెర్గేయ్ ప్రొకోఫియెవ్ అనే రష్యను స్వరకర్త 1936లో పిల్లల కోసం "పీటరు, తోడేలు" అనే కథను సంగీతంలో చెప్పాడు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాయిద్యం. పిట్టకు ఫ్లూటు, పిల్లికి క్లారినెట్టు. తాతగారి పాత్రకు బసూన్! ఆ తాతగారు కథలో చేసే పనల్లా మనవణ్ణి కేకలెయ్యడం, చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోవడం. కనుక సోదరులారా, పాశ్చాత్య సంగీతంలో పెన్షనర్ల తరఫు వాయిద్యం ఇదేనని నేను సగర్వంగా మనవి చేస్తున్నాను.

అలాగని ఇది ముసలి గొంతు మాత్రమే కాదు. మొజార్టు 18 ఏళ్ళ వయసులో, 1774లో, దీని కోసం ఒక కచేరీ రచన చేశాడు. ఈనాటికీ బసూన్ ఉద్యోగానికి పరీక్ష పెడితే అది వాయించమంటారు. వివాల్డి దీనికోసం ముప్పైకి పైగా కచేరీ రచనలు చేశాడు. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ రచనకు తొలి ప్రదర్శన జరిగినప్పుడు, మొట్టమొదట ఒంటరిగా వినిపించినది బసూనే, అదీ ఎవరూ ఊహించనంత పై స్థాయిలో.

ఇప్పుడు కష్టం సంగతి. ఎనిమిది అడుగుల గొట్టానికి శాస్త్ర ప్రకారం రంధ్రాలు పెడితే, ఒక రంధ్రానికీ మరో రంధ్రానికీ మధ్య మనిషి వేళ్ళు చాలవు. అందుకని దళసరి కర్రలో రంధ్రాలను ఏటవాలుగా తొలిచారు. పైన వేళ్ళకు దగ్గరగా ఉంటాయి, లోపల మాత్రం దూరదూరంగా తెరుచుకుంటాయి. తెలివైన ఉపాయమే. అయితే దాని ఫలితంగా స్వరాలన్నీ సమానంగా పలకవు. ఒకటి గట్టిగా, ఒకటి ముసుగేసినట్టు, ఒకటి శ్రుతికి కాస్త పైన, ఒకటి కాస్త కింద. అవి సరిచేయడానికి మీటలు చేర్చుకుంటూ పోయారు. జర్మనీలో ఆల్మెన్‌రేడర్ అనే ఆయన, హెకెల్ అనే ఆయన కలిసి 1831లో కర్మాగారం పెట్టి దీనిని చాలావరకు ఒక దారికి తెచ్చారు. ఇప్పుడు వాడుకలో ఎక్కువగా ఉన్నది ఆ జర్మను పద్ధతి బసూనే.

అన్ని వాయిద్యాలలో బొటనవేలికి పని తక్కువ. ఇందులో ఎడమ బొటనవేలు ఒక్కటే ఎనిమిది, తొమ్మిది మీటల మీద తిరగాలి. కొన్ని స్వరాలు మొదలయ్యే క్షణంలో ఆ వేలు పైనున్న ఒక మీటను అలా తాకి వదలాలి. తాకకపోతే స్వరం పగిలి కింది స్థాయి గరగర వినిపిస్తుంది. మరికొన్నింటికి చూపుడు వేలిని దొర్లించి రంధ్రం సగమే తెరవాలి. మన వేణువు, సన్నాయి వాయించేవారికి ఈ సగం తెరవడం బాగా తెలుసు.

ఇక రీడ్. మన సన్నాయికి పీక ఎలాగో, బసూన్‌కు రీడ్ అలాగ. రెండు పలచని రెల్లు రేకులు ఎదురెదురుగా కట్టి ఉంటాయి. వాటి మధ్య సన్నని చీలిక. ఊదితే ఆ రేకులు కొట్టుకుని నాదం పుడుతుంది. సన్నాయి పీకకు కావేరీ తీరపు రెల్లు ప్రసిద్ధి. బసూన్ రీడ్‌కు దక్షిణ ఫ్రాన్సులో సముద్ర తీరపు రెల్లు ప్రసిద్ధి. కోసి, ఎండబెట్టి, ఏళ్ళ తరబడి ఆరనిచ్చి, నిలువుగా చీల్చి, లోపలి వైపు తోడి, పైపొర గీకి, ఆకారానికి కత్తిరించి, నడిమికి మడిచి, మూడు చోట్ల ఇత్తడి తీగ చుట్టి, కింద దారం బిగించి, ఆపైన కొస కత్తిరిస్తారు. అప్పుడు అసలు పని మొదలవుతుంది. చాకుతో, సన్నని ఆకురాయితో, గరుకు కాగితంతో గీకుతూ, ఊదుతూ, మళ్ళీ గీకుతూ పలికించాలి. ఇంతా చేస్తే దాని ఆయుర్దాయం కొన్ని వారాలు. గదిలో తేమ మారితే దాని గుణం మారుతుంది. చలికాలంలో ఇళ్ళలో వేడి పెట్టుకునే మిషిగన్ వంటి చోట ప్రొద్దున పలికిన రీడ్ సాయంత్రానికి మొరాయిస్తుంది. పది చేస్తే కచేరీకి పనికొచ్చేవి ఒకటో రెండో అని ఆ వాద్యకారులు వాపోతుంటారు. నూనెలో వేసిన ప్రతి అప్పడమూ పొంగదని మన ఆడవాళ్ళు అనుకున్నట్టే.

అందుచేత ఈ విద్యలో ఎప్పటినుంచో గురువు చేతిలో ఒక పగ్గం ఉంటూ వచ్చింది. రీడ్ గురువుగారే చేసి ఇచ్చేవారు. శిష్యుడు అది పాడైతే మళ్ళీ ఆయన దగ్గరకే రావాలి. వేళ్ళ సంగతీ అంతే. ఫలానా స్వరం ఫలానా విధంగా వాయించు. ఎందుకు? మా గురువుగారు అలా చెప్పారు. అయిపోయింది. వ్రాసిపెట్టినవారు లేరని కాదు. పారిస్ సంగీత విద్యాలయంలో 1795 నుంచి నేర్పిన ఎతియెన్ ఒజి 1803లో పెద్ద పాఠ్యగ్రంథం వెలువరించాడు, అందులో రీడ్ చేయడం కూడా చెప్పాడు. లైప్‌జిగ్‌లో యూలియస్ వైసెన్‌బోర్న్ 1887లో అచ్చు వేయించిన పాఠాలు మా మనవరాలి సంచిలో కూడా ఉన్నాయి. అది అచ్చయిన మరుసటి సంవత్సరమే ఆయన పోయాడు. నూట ముప్పై ఏళ్ళు దాటినా పిల్లలు ఆయన పాఠాలతోనే మొదలుపెడుతున్నారు. అయినా ఎక్కువ భాగం విద్య చూసి నేర్చుకునేదిగా, చెవిలో చెప్పేదిగా ఉండిపోయింది.

ఇక్కడ ఒక పిడకలవేట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో, ఊరూ పేరూ చెప్పను, ఒక పెద్దాయన ఉండేవారు. సర్వీసు రిజిస్టరులో ఎక్కడ మెలిక ఉన్నా, ఏ పాత ఉత్తర్వుతో ఆ మెలిక విడుతుందో ఆయనకు తెలుసు. ఎవరైనా అడిగితే ఫైలు తీసుకుని, తానే నోటు వ్రాసి, సంతకానికి పంపేవారు. ఎలా వ్రాశారో చెప్పేవారు కారు. "నీకెందుకోయ్, పని అయింది కదా" అనేవారు. ఆయన విరమించిన రోజున గొప్ప సభ జరిగింది. మరునాడు మొదలు మా తిప్పలు. ఆయన సొరుగు తాళంచెవి అప్పగించారు గాని సొరుగులో ఉండాల్సిన విషయం తలలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయారు. కొందరు పెన్షనర్లకు కాగితాలు తెమలడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన చెడ్డవారని నేననను. తాను లేకపోతే పని ఆగిపోవడంలో ఆయనకొక తృప్తి ఉండేది. ఆ తృప్తి మనలో చాలామందిమి కొద్దో గొప్పో ఎరిగినదే.

కూపర్ గారు సరిగ్గా దీనికి విరుద్ధమైన దారిలో నడిచారు. నాకు ఆయన నచ్చినది అందుకు.

ఆయన కేవలం పంతులు కాదు. విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్ పట్టణానికి 70 కిలోమీటర్ల దూరంలో డెట్రాయిట్. అక్కడి సింఫనీ వాద్యబృందంలో ఆయన ఎన్నో ఏళ్ళు వాయించారు. అంటే పగలు పాఠం చెప్పినది రాత్రి వేదిక మీద చేసి చూపవలసిన మనిషి. ఆ బృందం కూడా నల్లేరు మీద నడక కాదు. డబ్బు చాలక 1949లో మూతపడి, 1951లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఇటు విశ్వవిద్యాలయంలో విలియం రెవెల్లి అనే బ్యాండు నాయకుడు 1935 నుంచి 1971 వరకు ఏలుబడి సాగించాడు. ఆ రాష్ట్రంలో బడి బ్యాండ్ల సంప్రదాయం బలపడింది. వందలాది బళ్ళకు బ్యాండు మాస్టర్లు కావాలి. కూపర్ గారి గదికి వచ్చేవారందరూ గొప్ప వాద్యకారులు కాబోయేవారు కారు. రేపు ఏదో చిన్న ఊరి బడిలో పన్నెండేళ్ళ పిల్ల చేతికి బసూన్ ఇచ్చి, "ఇలా పట్టుకో" అని చెప్పవలసిన వారూ వచ్చేవారు.

ఇది ముఖ్యమైన సంగతి. ఒక వాద్యబృందంలో బసూన్లు ఇద్దరో, ముగ్గురో, మహా అయితే నలుగురో. వారు విరమిస్తే గాని ఖాళీ రాదు. ఖాళీ వస్తే దేశం నలుమూలల నుంచి అభ్యర్థులు వస్తారు. తెర కట్టి, మనిషి కనబడకుండా వాయింపజేసి ఎన్నుకుంటారు. ఇలాంటి చోట ఏటేటా విద్యార్థులను చేర్చుకుని చదువు చెప్పే ఆచార్యుడికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. వీళ్ళందరికీ నేనేమి ఇచ్చి పంపుతున్నాను? ఉద్యోగం ఇచ్చి పంపలేడు. తన పేరు చెప్పుకోమని పంపితే అది కడుపు నింపదు. తాను దగ్గర లేనప్పుడు, వాయిద్యం మొరాయించినప్పుడు, ఏమి తప్పిందో కనిపెట్టి సరిచేసుకునే శక్తి ఇచ్చి పంపగలడు. కూపర్ గారు చేసింది ఇదేనని ఆయన వెనుక మిగిలిన పని చూస్తే నాకనిపించింది.

మొదటిది 1968లో వచ్చింది. హోవర్డ్ టోప్లాన్‌స్కీ అనే ఆయనతో కలిసి వ్రాసిన "బసూన్ విధాన సారం" వంటి పేరు గల గ్రంథం. బసూన్‌లో ఒక్కొక్క స్వరానికి వేళ్ళు ఎన్ని విధాలుగా పెట్టవచ్చో వందలాది పద్ధతులు అందులో పటాలుగా వేసి పెట్టారు. మామూలు పద్ధతి, దానికి బదులు పద్ధతులు, రెండు పక్క స్వరాలు వేగంగా మార్చి మార్చి పలికించడానికి వేరే పద్ధతులు. అక్కడితో ఆగితే అది టెలిఫోన్ డైరెక్టరీ. ఏది ఎప్పుడు వాడాలి, దీని నాదం ఎలా ఉంటుంది, శ్రుతి ఎటు వాలుతుంది, ముందు వెనుక స్వరాలకు వేళ్ళు ఎలా కదులుతాయి అన్నవి కూడా చెప్పడం దాని విలువ. ఎందుకంటే ఏ రెండు బసూన్లూ ఒకలాగ పలకవు. ఒక వాయిద్యానికి అమృతం లాంటి పద్ధతి మరొకదానిలో అపశ్రుతి. గురువు తన వాయిద్యానికి తగినది శిష్యుడికి అంటగడితే వాడు జన్మంతా గురువు వాయిద్యం తప్పులు మోయవలసిందే. మొత్తం జాబితా చేతిలో పెట్టి, ఎంచుకునే లెక్క నేర్పితే తన వాయిద్యానికి తగినది తానే ఏరుకుంటాడు.

నేను ఆ పుస్తకాన్ని చదివానని చెప్పను. చూశాను. వేళ్ళ పటాలు నాకేమి అర్థమవుతాయి? కాని మనం ఉద్యోగంలో వాడిన ఏ మంచి మాన్యువల్ చూసినా ఒక మర్యాద కనిపిస్తుంది. వ్రాసినవాడు చదివేవాడిని తెలివితక్కువవాడని అనుకోలేదు అని తెలిసిపోతుంది. ఆ మర్యాద అందులో ఉంది.

రెండవది రీడ్ విద్య. ఇందులో ఆయన పేరు మరీ ప్రసిద్ధం. రీడ్ చేయడం కళ, అది చేతికి రావాలి అని అందరూ అంటారు. ఆయన అది కాదనలేదు. కాని చేతికి వచ్చేలోపు బుద్ధికి ఎందుకు రాకూడదు అన్నది ఆయన పట్టుదల. రెల్లు గట్టిదనం, రేకుల ఆకారం, ఏ చోట ఎంత పలచన, తీగల బిగింపు, ఇవన్నీ నాదాన్ని ఎలా మారుస్తాయో ధ్వనిశాస్త్రం ఆధారంగా వివరించే పద్ధతి ఆయనది.

ఒక ఉదాహరణ చెబుతాను. రీడ్ మీద ఇత్తడి తీగలు మూడు చోట్ల ఉంటాయన్నాను. కొసకు దగ్గరగా ఉన్నది మొదటిది, దాని కింద రెండవది. మొదటి తీగను రెండు పక్కల నుంచి పట్టకారుతో నొక్కితే రీడ్ నోరు తెరుచుకుంటుంది. సరే, ఇది ఎవరికైనా తోస్తుంది. రెండవ తీగను అదే విధంగా పక్కల నుంచి నొక్కితే నోరు మూసుకుంటుంది! అదే రీడ్, అదే పట్టకారు, అదే నొక్కుడు, ఫలితం తలకిందులు. "నోరు మూసుకుపోతే తీగ నొక్కు" అని మాత్రమే నేర్చిన పిల్లవాడు రెండు నిమిషాల్లో రీడ్ పాడు చేస్తాడు. మొదటి తీగ ఆధారంగా రేకులు తక్కెడలా ఊగుతాయని, కింద విచ్చుకుంటే పైన ముడుచుకుంటాయని ఒక్కసారి అర్థమైతే ఇక జన్మలో మరచిపోడు. ఎవరినీ అడగనక్కరలేదు.

కొస సంగతీ అలాంటిదే. రీడ్ మెత్తబడి శ్రుతి దిగిపోతుంటే కొస వెంట్రుకవాసి కత్తిరిస్తారు. శ్రుతి ఎక్కుతుంది, గట్టిదనం వస్తుంది. మరీ బిరుసుగా ఉంటే గీకుతారు. మెత్తబడుతుంది, శ్రుతి కాస్త దిగుతుంది. వైద్యుడు నాడి చూసి లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి మందుకు వెళ్ళినట్టు వెళ్ళాలి. లక్షణానికి నేరుగా మందు వేసేవాడు ఆర్.ఎం.పి. డాక్టరు కూడా కాడు.

ఆయన ఆ కారణాలు వెతుకుతూ వాయిద్యం దాకా వెళ్ళారు. జర్మనీలోని ప్యూష్నర్ అనే బసూన్ తయారీ సంస్థకు ధ్వనిశాస్త్ర సలహాదారుగా పనిచేశారు. శిష్యులకు కష్టంగా ఉన్న స్వరం రంధ్రం లోపం వల్లనైతే, శిష్యుణ్ణి తిట్టడం దేనికి, రంధ్రాన్నే సరిచేయిద్దాం అన్నమాట. పాఠం చెప్పేవాడు కర్మాగారం గుమ్మం ఎక్కడం నాకు చాలా నచ్చింది. తప్పు పనివాడిదా, పనిముట్టుదా అని తేల్చకుండా మెమో ఇచ్చిన అధికారులను మనం ఎంతమందిని చూశాం!

సన్నాయి, బసూన్ వంటి రెండు రేకుల వాయిద్యాల వారందరికీ ఒక అంతర్జాతీయ సంఘం 1971లో ఏర్పడింది. ఆయనను గౌరవ సభ్యునిగా చేసుకుంది. మనలాగే వారికీ ఒక పత్రిక ఉంది, అందులో ఎవరికి తెలిసిన కిటుకు వారు వ్రాసుకుంటారు. రహస్యం అనుకున్నవి ఒక్కొక్కటే అచ్చులోకి వచ్చేశాయి.

        

ఇక్కడ మీలో సంగీతం తెలిసిన పెద్దలు ఒక ఆక్షేపణ తెస్తారని నాకు తెలుసు. పుస్తకం చూసి సన్నాయి వాయించినవాడు ఉన్నాడా? ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చిన మౌలానా గారు పుస్తకం చదివి అంతటివారయ్యారా? కాలేదు. ఆయన కూడా శ్రీరంగంలో 1982లో సంగీతాశ్రమం పెట్టి శిష్యులను ఎదురుగా కూర్చోబెట్టుకునే నేర్పారు. గమకం గురువు ముఖం చూస్తూ పట్టుకోవలసినదే. పెదవుల బిగువు, ఊపిరి అదుపు కాగితం మీదికి రావు. అమెరికాలో కూడా ఆ విద్య వారానికి ఒక గంట, ఒక గురువు, ఒక శిష్యుడు, తలుపు మూసిన గది. 52 ఏళ్ళు ఆయన చేసిన అసలు పని ఆ గదిలోనిదే. పుస్తకం దానికి బదులు కాదు.

నేను చెప్పేది ఇంతే. కాగితం మీదికి రానిది ఎంతో ఉంది నిజమే. కాని వచ్చేది కూడా రాదని దాచిపెట్టడం వేరు. గురువు సమయం అమూల్యం. తీగ ఏ వైపు నొక్కాలో చెప్పడానికే ఆ గంట అయిపోతే ఊపిరి సంగతి ఎప్పుడు చెబుతాడు? చెప్పగలిగినదంతా వ్రాసి పడేస్తే, చెప్పలేనిదానికి సమయం మిగులుతుంది.

మా మనవరాలికి నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఇరవై ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. పిల్ల తెచ్చిన రీడ్ ఊదించి, ఒక్క క్షణం విని, తాను చాకు పట్టకుండా పిల్ల చేతికి ఇచ్చి "ఏం తప్పిందో నువ్వే చెప్పు" అంది. పిల్ల తడుముకుంటూ చెప్పింది. సగం తప్పు చెప్పింది. ఆవిడ నవ్వి మళ్ళీ ఊదమంది. నేను మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఆవిడ ఎవరి శిష్యురాలో నేనడగలేదు.

సభ్యులారా, ఆలస్యమవుతోంది, ఫలహారాలు చల్లారుతున్నాయి. చివరగా కార్యదర్శి గారికి ఒక మనవి. మన పత్రికలో మరణవార్తలు, కరవు భత్యం ఉత్తర్వులు, తీర్థయాత్రల వర్ణనలు వేస్తున్నారు. వేయండి, అవసరమే. వాటితో పాటు ప్రతి సంచికలో రెండు పుటలు కేటాయించండి. ఒక్కొక్క సభ్యుడు తన ఉద్యోగంలో చేతికి వచ్చిన ఒక్క పని, అది ఎలా చేయాలో, ముఖ్యంగా ఎందుకలా చేయాలో, కొత్తగా చేరిన కుర్రవాడికి చెబుతున్నట్టు వ్రాసి ఇవ్వాలి. స్టోర్సులో పనిచేసినవారు సరుకు లెక్క తప్పితే ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో వ్రాయండి. అకౌంట్సు వారు, వర్కుషాపు వారు, డ్రాయింగు బల్ల మీద పనిచేసినవారు, అందరూ. ఇప్పుడన్నీ కంప్యూటర్లే కదా అంటారేమో, కంప్యూటరు ఏం చేయాలో చెబుతుంది, ఎందుకో మనల్ని అడిగితేనే తెలుస్తుంది. చేతివ్రాత అయినా పరవాలేదు, మన సంఘ కార్యాలయంలో టైపు చేసిపెట్టే కుర్రవాడు ఉన్నాడు.

నా వంతు పాత సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తేడా వస్తే ఏ కాగితాలు, ఏ వరుసలో చూడాలన్నది. పదిహేను రోజుల్లో కార్యదర్శి గారికి అందజేస్తాను.